ఆపు త్రాడు ఎవరి చేత నుండవలెను?

దసరా పండుగకు ఇంటికి వచ్చిన కోడేరు యువకుడొకడు నన్ను చూడవచ్చి యొక ప్రశ్న వేసెను. ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్చి, నగర సమీపమందలి యొక యంత్రాగారమున గుత్తదారు క్రింద రెండేండ్లు పనిచేసినవాడు. మోటారు వాహనములకు వలయు చిన్న భాగములను మరమేకులతో బిగించుట అతని పని. ఆ యంత్రాగారపు గోడలమీద జపాను మాటలు పెద్ద యక్షరములతో వ్రాసియున్నవట. ప్రతి పనివాని తలపైన నొక మీట యున్నదట. లోపము కంటబడిన తక్షణము మీట నొక్కి పని నిలుపుమని హిందీలోను తెలుగులోను బోర్డు గట్టిరట. ఒకనాడు మరమేకు కూర్చుండని భాగములు వరుసగా వచ్చుచుండగా, ఇతడు బోర్డును నమ్మి మీట నొక్కెను. పని నిలిచెను. పర్యవేక్షకుడు వచ్చి లోపమును చూడలేదు, ఇతని పేరు వ్రాసికొనెను. మరుసటి నెల మొదటి తేదీన గుత్తదారు "నీవిక రానక్కరలేదు" అనెను.

"వకీలు సారూ, ఆపుమని వాళ్లే రాసిపెట్టిన్రు. ఆపితే నా పేరు రాసుకున్నరు. మరి ఆ బోర్డు ఎవరి కోసం సార్?" అని అతడడిగెను. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఈ వ్యాసము అతనికి నేను బాకీపడిన సమాధానము.

వస్తువులను రాశులు రాశులుగా చేయుటకు ఇరువదవ శతాబ్దమున రెండు పద్ధతులు పుట్టినవి. మొదటిది అమెరికా దేశమున ఫోర్డు ప్రబలము చేసిన రాశ్యుత్పత్తి; దానినే మాస్ ప్రొడక్షన్ అందురు. రెండవది జపానులో టొయోటావారు నెలకొల్పినది. దానికి లీన్ ప్రొడక్షన్ అను పేరు 1988లో జాన్ క్రాఫ్చిక్ అను అమెరికా పరిశోధకుడు పెట్టెను. లీన్ అనగా బక్కపలుచన. సరకు నిల్వలు, సమయము, స్థలము, మనుష్యులు, అన్నియు తక్కువగా నుంచి పని యెక్కువగా రాబట్టుట యని భావము. (బక్కతనమును గూర్చి పాలమూరువారికి వేరొకరు బోధింప నక్కరలేదు.) నా యభిప్రాయము ముందే చెప్పెదను. ఈ పద్ధతుల నడిమి ముఖ్యభేదమును గిడ్డంగులలో వెదకువారు పొరబడుచున్నారు. పనిని ఆపు అధికారము ఎవరిదను ప్రశ్నలోనే ఆ భేదమున్నది. మన దేశమునకు రెండవ పద్ధతి దిగుమతియగుచున్నది గాని, ఆ యధికారమును ఓడలోనే విడిచి వచ్చుచున్నారు.

ముందుగా ఫోర్డు సంగతి. చికాగో కసాయిశాలలలో కళేబరములు కొక్కెములకు వ్రేలాడుచు కదలిపోవుచుండ, నిలుచున్నచోటనే యొక్కొక్కడు ఒక్కొక్క ముక్క కోయుచుండెను. దానిని తలక్రిందు చేసి, ఒక్కొక్కడు ఒక్కొక్క ముక్క తగిలించుచు పోయినచో కారు తయారగునని ఫోర్డు మనుష్యులు గ్రహించిరి. 1913లో హైలాండ్ పార్క్ యంత్రాగారమున కదలు వరుస నెలకొల్పిరి. అంతకుముందు పన్నెండున్నర గంటలు పట్టిన చట్రపు కూర్పు మరుసటి యేటికి 93 నిమిషములలో ముగియుచుండెను. 1908లో 850 డాలర్లుండిన టీ-మోడలు కారు వెల 1925 నాటికి 260 డాలర్లకు దిగెను. 1927లో ఆ మోడలు నిలిపివేయునాటికి కోటిన్నర కార్లు బయటికి వచ్చినవి. ప్రభువుల వాహనమును పల్లెటూరి రైతు తోలుకొనునట్లు చేసిన పద్ధతి యిది. దీని ఘనతను కాదనుట సత్యము గాదు.

అయితే ఆ వరుసలో నిలిచినవాని గతి యేమి? వాడొక మరను బిగించును, మరల బిగించును, సాయంకాలము వరకు అదే మరను బిగించును. వరుస వేగమును నిర్ణయించువాడు వేరొకడు. లోపమున్నను బండి ముందుకే పోవలెను. దిద్దుట చివర జరుగును. 1913లో సుమారు 14,000 మంది పనివారిని నిలుపుకొనుటకు ఫోర్డు 52,000 మందిని చేర్చుకొనవలసి వచ్చినదనిన, మనుష్యులు ఆ పనినుండి యెట్లు పారిపోయిరో తెలియును. 1914 జనవరిలో ఫోర్డు ప్రకటించిన దినమునకు 5 డాలర్ల కూలి ఔదార్యమని కొందరు పొగడుదురు. పారిపోవు కాళ్లకు అది సంకెల కూడ నయ్యెను. మరియొక దోషము. ఒకే వస్తువు కొరకు కట్టిన యంత్రములు మరియొక వస్తువును చేయలేవు. 1927లో క్రొత్త మోడలుకు మారుటకు ఫోర్డు తన ప్రధాన యంత్రాగారమును నెలల తరబడి మూసియుంచవలసి వచ్చెను.

ఈ ఫోర్డే 1941లో గాంధీజీకి గౌరవముతో లేఖ వ్రాసెను. గాంధీజీ బదులుగా తన సంతకముతో నొక రాట్నమును పంపెను. కోటిన్నర కార్లు చేసినవాని యింట ఒక రాట్నము! దాని యర్థమును పాఠకులే యూహించుకొందురుగాక.

టొయోటా కథ యంత్రాగారమున మొదలు కాలేదు, మగ్గము గుంటవంటి చోట మొదలయ్యెను. సకిచీ టొయోడా వడ్రంగి కొడుకు. పల్లెలోని స్త్రీలు మగ్గముపై పడు శ్రమను చూచి, 1890 ప్రాంతమున కొయ్య చేమగ్గమొకటి కల్పించెను. ముప్పదియేండ్లకు పైగా పాటుపడి 1924లో తనంతట నడచు మగ్గమును సిద్ధపరచెను. పేక నూలు అయిపోవచ్చినపుడు పని నిలువకయే అది నాడెను మార్చుకొనును. పోగు తెగినచో తక్షణమే తనంతట ఆగిపోవును. లోపమున్న బట్టను ఒక్క అంగుళమైనను నేయదు. 1929లో ఇంగ్లండులోని ఓల్డ్‌హాము పట్టణపు ప్లాట్ సోదరుల కంపెనీ ఈ మగ్గపు హక్కులను కొనుటకు లక్ష పౌనులకు ఒడంబడిక చేసికొనెను. ఓల్డ్‌హాము లాంకషైరు సీమలోనిది. మన నేతగాండ్ర నోట మన్నుగొట్టిన లాంకషైరు, తూర్పుదేశపు వడ్రంగి కొడుకు వాకిట మగ్గపు రహస్యమునకై నిలువవలసి వచ్చెను. ఈ వార్త చదివినప్పుడెల్ల నాకు కలుగు సంతోషమును దాచుకొనలేను.

ఆగుట యందే తెలివి యున్నదని సకిచీ కనిపెట్టెను. కాని ఆ తెలివిని చూచుటకు మనము ఓడలెక్క నక్కరలేదు. కృష్ణ దాటి గద్వాలకు పోయి ఒక నేతగాని గుంటమగ్గము వద్ద కూర్చుండిన చాలును. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచును కొంగును పట్టు. ఈ రెంటిని కలుపు నేత కొరకు మూడు నాడెలు ఆడవలెను. మగ్గము మీద ఇద్దరు మనుష్యులు కూర్చుండవలెను. నూలుపోగు, పట్టుపోగు కలియుచోట ఒక్కటి తెగినను నేతగాడు చేయి నిలిపి, తెగిన కొనను వెదకి, ముడివేసి, మరల నాడె నందుకొనును. అట్లు నిలుపుటకు అతడెవరి యనుమతిని కోరడు. చీరలోని తప్పు చీర ముగిసిన పిమ్మట బయటపడునది గాదు, పుట్టిన చోటనే దిద్దబడునది. ఈ చీరలకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించుటకు మూలము ఆ చేయి నిలుపు స్వాతంత్ర్యమే.

గద్వాల మగ్గమును నేను స్వర్గముగా వర్ణించుట లేదు. పలువురు నేతగాండ్రకు నూలు షావుకారు ఇచ్చినది, అంచు నమూనా షావుకారు చెప్పినది, కూలి షావుకారు కట్టినది. పని ఆపు హక్కున్నది గాని వెల చెప్పు హక్కు లేదు. ఒక హక్కు ఉన్నంత మాత్రమున మనుష్యుడు స్వతంత్రుడు కాడనుటకు మన నేతగాడే సాక్షి. ఐనను ఆ యొక్క హక్కు చిన్నది కాదు.

సకిచీ కుమారుడు కీచిరో 1937లో మోటారు కంపెనీ పెట్టెను. 1950 నాటికి, అనగా పదమూడేండ్లలో, వారు చేసిన కార్లు 2,685. ఆనాడు ఫోర్డుగారి రూజ్ యంత్రాగారము ఒక్క దినమునకే 7,000 బండ్లు చేయుచుండెను. ఫోర్డును ఫోర్డు పద్ధతితో ఓడించుట అసాధ్యము. గిడ్డంగులు నింపుటకు ధనము లేదు. అందుచే తైచీ ఓనో అను ఇంజనీరు లేమిని శాస్త్రముగా మార్చెను. అమెరికా దుకాణములలో, కొన్నవాడు తీసికొనిన మేరకే అరలో సరకు మరల నింపుదురని తెలిసికొని, తన యంత్రాగారమున ఒక చీటీ పద్ధతి పెట్టెను. ముందరివాడు చీటీ పంపిననే వెనుకటివాడు భాగము చేయవలెను. చీటీ లేనిది చేయరాదు. రేకులను నొక్కు అచ్చులను మార్చుటకు పట్టు గంటలను నిమిషములకు దింపిరి. దానితో ఒకే యంత్రముపై నేడొక రకము, రేపొక రకము చేయుట సాధ్యమయ్యెను. వీనియన్నిటికంటె ముఖ్యముగా, ప్రతి పనివాని తలపైన ఒక త్రాడు కట్టిరి.

ఆ త్రాడు పనిచేయు విధమును కొంచెము వివరింపవలెను; ఏలనన ఇచ్చటి యజమానులు "అందరును ఆపుచు పోయిన పని యెట్లు సాగును?" అని యడుగుచున్నారు. త్రాడు లాగినంతనే వరుస నిలువదు. దీపము వెలుగును, జట్టు నాయకుడు పరుగెత్తి వచ్చును. బండి తన గడి దాటులోగా లోపము కుదిరినచో పని సాగిపోవును, కుదరనిచో నిలుచును. నిలిచిన పిమ్మట "ఎవడు ఆపెను?" అను ప్రశ్న యుండదు. "ఏల ఆగెను?" అని యడుగుదురు, ఆ జవాబునకు మరల "ఏల?" అని యడుగుదురు, ఇట్లు అయిదుమార్లు అడిగి మూలమును పెకలింతురు. దినదినము చిన్నచిన్నగా ఆగుటకు సహించినవారికి, పోనుపోను ఆగవలసిన పనియే తగ్గెను.

ఈ హక్కు ఆకాశమునుండి ఊడిపడలేదు. 1950లో టొయోటా దివాలా యంచుకు వచ్చి, సుమారు నాలుగవవంతు పనివారిని తొలగింప బూనగా పెద్ద సమ్మె జరిగెను. పనివారు పోయిరి. కీచిరో కూడ బాధ్యత వహించి పదవి విడిచెను. అటుపిమ్మట కుదిరిన యొడంబడికలో, మిగిలినవారికి ఉద్యోగ భద్రత దొరకెను. బదులుగా వారు ఏ పనినైనను నేర్చుటకును, పనిని బాగుపరచుటకును ఒప్పుకొనిరి. పనిని బాగుచేయు యుక్తి చెప్పినచో తన పనియే పోవునను భయమున్నవాడు నోరు విప్పునా? ఉద్యోగ భద్రత యను నేల లేనిదే త్రాడు అను తీగె ప్రాకదు.

దీనికి అమెరికాలోనే నిదర్శనమున్నది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ యంత్రాగారమును జనరల్ మోటార్స్ 1982లో మూసివేసెను. నూటికి ఇరువదిమంది వరకు పనికి రాకుండుటయు, నిత్యకలహములును అచ్చట సామాన్యము. 1984లో టొయోటాతో కలసి దానిని మరల తెరచిరి. పనివారు చాలవరకు పాతవారే, యూనియను పాతదే. చేతికి త్రాడు వచ్చెను, తొలగింపులుండవను హామీ వచ్చెను. రాకుండువారు నూటికి ఇద్దరికి తగ్గిరి. మనవారు సోమరులు, మనవారికి క్రమశిక్షణ లేదు అని సభలలో చెప్పు పెద్దమనుష్యులు ఈ వృత్తాంతమును ఒకసారి చదివిన బాగుండును.

టొయోటాను పూజింపుమని నేను చెప్పుట లేదు. 1972లో కమాతా సతోషీ అను పత్రికా రచయిత అచ్చట తాత్కాలిక కూలిగా చేరి, తన యనుభవమును మరుసటి యేట పుస్తకముగా ప్రకటించెను. దాని పేరులోనే నిరాశ యను మాట యున్నది. వరుస వేగము, నిలువలేని కాళ్లు, వసతిగృహపు ఒంటరితనము అందు వర్ణితములు. 2002లో ముప్పదేండ్ల పనివాడొకడు యంత్రాగారముననే కుప్పకూలి మరణించెను. పని వేళల తరువాత జరుగు "స్వచ్ఛంద" సమావేశములు పని కావని ప్రభుత్వ కార్యాలయము వాదింపగా, నగోయా జిల్లా న్యాయస్థానము 2007లో అవియు పనియేయని తీర్పు చెప్పి, మృతుని భార్యకు న్యాయము చేసెను. స్వచ్ఛందమను మాట వెనుక దాగిన నిర్బంధమును న్యాయస్థానము బయటపెట్టిన తీర్పు అది. వకీళ్లు గుర్తుంచుకొనదగినది.

నిల్వ లేకుండుటయు ఎల్లప్పుడు తెలివి కాదు. 2011 భూకంపమునకు జపానులో సరఫరా తెగి యంత్రాగారములు నిలిచిన పిమ్మట టొయోటావారే కొన్ని ముఖ్యభాగములను నెలల తరబడి నిల్వ చేయుట నేర్చిరి. ఏడాది తిండిగింజలను గాదెలో పోసికొని, విత్తనములను వేరుగా దాచుకొను మెట్టరైతు ఆ పాఠమును ఎన్నడో నేర్చెను.

ఇక మన తెలుగునాటి సంగతి. రాశ్యుత్పత్తి యెట్లుండునో సిరిసిల్లలో చూచితిమి. 2017లో బతుకమ్మ చీరల పథకము మొదలయ్యెను. పిమ్మటి యేండ్లలో ఏటేట కోటి వరకు చీరలు పంచుటకు మరమగ్గములు రేయింబవళ్లు ఆడెను. ఒకే కొనుగోలుదారు, ఒకే పండుగ, ఒకే తరహా బట్ట. 2024లో ఆ యేర్పాటు నిలిచిపోగా మగ్గములనేకము మూగవోయెను. నేతకార్మికుల యిండ్లలో ఆకలియు ఆత్మహత్యలును చూడవలసి వచ్చెను. తరువాత స్వయంసహాయక సంఘముల స్త్రీలకు చీరల కొరకు ప్రభుత్వము మరల ఆర్డరులిచ్చినది. ఫోర్డు యంత్రాగారము మోడలు మారినపుడు మూతపడినట్లే, సిరిసిల్ల ప్రభుత్వము మారినపుడు మూతపడెను. ఒక్క కొనుగోలుదారుని నమ్మిన మరమగ్గము మరియొక బట్టకు త్వరగా మారలేదు.

రెండవ పద్ధతియు వచ్చినది. రాయలసీమలో కరవుకు పేరువడిన పెనుకొండ వద్ద ఎర్రమంచిలో కియా కార్ల యంత్రాగారమునకు 2017లో ఒప్పందము జరిగి, 2019లో కార్లు వెలువడెను. ఏటికి మూడు లక్షల కార్లు చేయు శక్తితో దానిని కట్టిరి. భాగములు చేయు ఉపపరిశ్రమలును దాని చుట్టు వెలసెను, ఏలనన సమయమునకు సరకు అందవలెనన్న పొరుగుననే యుండవలెను. ఇట్టివి మన పాలమూరు సీమకును రావలెనని నేను కోరుదును. నాగార్జునసాగరము మొదలు దేశమందలి ఆనకట్టలకెన్నిటికో మట్టి మోసి, శ్రీశైలము నీటిలో ఊళ్లు ముంచుకొనిన ప్రజలకు ఇంటికి దగ్గరగా పని దొరకుట సామాన్య లాభము గాదు.

కాని యెట్టి పని? పాలమూరు కూలికి గుంపుమేస్త్రి క్రొత్తవాడు కాడు. ముందుగా కొంత సొమ్ము చేతబెట్టి, మనుష్యులను లెక్కగట్టి, దూరదేశమునకు తోలుకొనిపోయి, కూలి తన చేతిమీదుగా నిచ్చువాడే గుంపుమేస్త్రి. నేటి యంత్రాగారపు గుత్తదారు మడత నలగని చొక్కా తొడిగిన గుంపుమేస్త్రి. వరుసలో ప్రక్కప్రక్కనే నిలిచి ఒకే మరమేకును బిగించు ఇద్దరిలో ఒకడు కంపెనీవాడు, వేరొకడు గుత్తవాడు. ఒకనికి త్రాడు, మరియొకనికి బోర్డు. మానేసర్‌లోని మారుతి యంత్రాగారమున 2011 మొదలు రగిలిన వివాదములో ఈ భేదము ఒక ముఖ్య కారణము. 2012 జూలై 18న అచ్చట జరిగిన దౌర్జన్యములో అధికారి యొకడు ప్రాణము గోల్పోయెను. అట్టి కృత్యమును ఏ న్యాయవాదియు సమర్థింపజాలడు. ఐనను 2017లో న్యాయస్థానము 31 మందిని దోషులుగా నిర్ణయించి 117 మందిని నిర్దోషులని విడిచిపుచ్చెనని కూడ చెప్పవలెను. ఆ నిర్దోషులలో పలువురు అప్పటికే యేండ్ల తరబడి చెరసాలలో గడపియుండిరి.

చట్టమేమనుచున్నది? భోపాలు ఘోరము తరువాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టమునకు 41-హెచ్ ప్రకరణమును చేర్చి, ప్రమాదకర ప్రక్రియలలో ప్రాణాపాయము పొంచియున్నదని తోచిన పనివానికి దానిని అధికారులకు చెప్పు హక్కునిచ్చిరి. చెప్పు హక్కే, అదియు ప్రాణము మీదికి వచ్చినపుడే. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రతా స్మృతి, 57వ ప్రకరణములో, ప్రధాన కార్యములలో గుత్తకూలీలను పెట్టరాదని గొప్పగా చెప్పి, ఆ వెంటనే మినహాయింపులను పేర్చినది. పని హఠాత్తుగా పెరిగినపుడు పెట్టవచ్చును. మామూలుగా గుత్తదారుచేతనే జరుగు పనియైనచో పెట్టవచ్చును. తలుపునకు గొళ్లెము పెట్టి గోడకు కన్నము విడిచినట్లున్నది.

నేను కోరునది చిన్న సవరణ. పెద్ద యంత్రాగారములలో పనివారి నడతకు, శిక్షలకు స్థాయీ ఉత్తరువులుండును. లోపమును చూచి పని నిలిపినవానిని ఆ కారణమున శిక్షింపరాదు, పనినుండి తీయరాదు అను వాక్యమును వానిలో చేర్పవలెను. ఆ రక్షణ గుత్తదారుని మనుష్యులకును వర్తింపవలెను. ఆపిన ప్రతి సందర్భమును, దానికి కనిపెట్టిన కారణమును ఒక పుస్తకమున వ్రాసి పనివారి ప్రతినిధులకు చూపవలెను. భూమియు నీరును రాయితీలును ఇచ్చి కంపెనీలను పిలుచు ప్రభుత్వము, ఒడంబడికలో ఇంతమాత్రము వ్రాయించుకొనలేదా? ఈ వాక్యమునకు ఖర్చు లేదు. జపాను పద్ధతి యని గోడమీద వ్రాసికొనువారు దీనికి అభ్యంతరము చెప్పినచో, వారికి కావలసినది ఆ పద్ధతిలోని బక్కతనమే గాని తెలివి కాదని తేలిపోవును.

ఆ యువకుని విషయమై కార్మికశాఖ అధికారికి అర్జీ పెట్టితిమి. కాగితముల ప్రకారము అతడు కంపెనీవాడు కాడు. గుత్తదారో, అతడు నెల ముగియగా తానే మానుకొనెనని చెప్పుచున్నాడు. అర్జీతోపాటు బోర్డు ఛాయాచిత్రమును జతపరచితిమి. అతడు దానిని చేరిన మొదటి వారముననే తన ఫోనులో తీసియుంచెను. ఊరివారికి చూపుటకు తీసితినని చెప్పెను. విచారణ తేదీ యింకను రాలేదు.